కుడివైపు నాళం ఎడమవైపు పుట్టింది

స్పృహ తప్పడం నాకు భయంగా ఉండేది కాదు. నిజం చెప్పాలంటే కాస్త బాగుండేది. తమిళనాడులో మా కోవిల్‌పట్టి మైదానంలో బంతి వెంట పరిగెత్తుతూ ఉండగా హాకీ కర్రల చప్పుడు సన్నబడేది, ఎండ పాలలా తెల్లబడేది, ఎవరో నన్ను మెల్లగా పడుకోబెట్టేవారు. కళ్లు తెరిచేసరికి నోట్లో మట్టి. అలా మూడుసార్లు పడ్డాను. నాయనకు తెలిసింది మూడోది ఒక్కటే, అదీ మా కోచ్ ఇంటికొచ్చి చెప్పబట్టి.

అది 2006. నాకు పంతొమ్మిదేళ్లు. ఒక పెద్ద సంస్థ హాకీ జట్టులో చోటు, దాంతోపాటు ఉద్యోగం ఖాయమయ్యాయి. గుండె డాక్టరు సంతకం చేసిన కాగితం ఒక్కటే తక్కువ. నల్లరేగడిలో పత్తి వేసి, ఏడాదంతా మబ్బుల వంక చూసే నాయనకు ఆ ఉద్యోగం నాకంటే ఎక్కువ అవసరం.

మదురైలో స్కాన్ తీయించాం. రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. నిఘంటువు పక్కన పెట్టుకుని నేనే చదివి చెప్పాను: గుండెకు రక్తమిచ్చే కుడి నాళం కుడివైపు పుట్టాలి, నాకు ఎడమవైపు పుట్టింది.

"యాడ పుడితే ఏమి? రత్తం పోతా ఉంది గదా?" అన్నాడు నాయన.

"పోతా ఉంది నాయినా."

"పంతొమ్మిదేండ్లు పోయింది. ఇంక మట్టుకు పోదా?"

నాకూ అదే న్యాయంగా తోచింది. మనకు కావలసిన మాట ఎవరన్నా సరే, ఇట్టే నమ్మేస్తాం.

విరుదునగర్‌లో గుండె డాక్టరమ్మ దగ్గరికి బస్సులో వెళ్లాం. స్కాన్ కవరు ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి నల్లటి చేలు చూస్తూ, కునుకుకీ మెలకువకీ మధ్య ఎక్కడో ఉన్నాను. ఆ మత్తు ఆమె గదిలోకి వెళ్లాక కూడా వదల్లేదు. కంప్యూటరులో నా గుండె చీకట్లో వేలాడుతూ, నెమ్మదిగా తిరుగుతోంది. నారింజ రంగు. దానిమీద సన్నటి తీగల్లా నాళాలు. ఎంత అందంగా ఉందో చెప్పలేను. అది నాదేనంటే నమ్మబుద్ధి కాలేదు.

అప్పుడే నాయన పొరపాటు చేశాడు. మావాళ్లకు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బయటివాళ్లకు తెలియకూడని మాట ఉంటే వాళ్ల ముఖం ముందే, గొంతు ఏమాత్రం మార్చకుండా, తెలుగులో అనేస్తాం. అంగట్లో, బస్సులో, ఆఫీసుల్లో మాకది అలవాటు. నాయన డాక్టరమ్మకు తమిళంలో వినయంగా నమస్కారం పెట్టి, నావైపు తిరిగి అదే గొంతుతో అన్నాడు:

"పడిపోయినానని చెప్పబోకు. తల తిరిగింది అని మట్టుకు చెప్పు. లేకుంటే చేవ్రాలు పెట్టదు."

ఆమె కంప్యూటరు మీంచి కళ్లు తిప్పలేదు. "ఎన్ని తూర్లు పడినావప్పా?" అంది.

మా తెలుగే. మా సాగదీతే. నాయన ముఖం చూడలేకపోయాను.

"మీరూ మనోళ్లేనా అమ్మా?" అన్నాడు చివరికి.

"అరుప్పుకోట్టైలో మగ్గం నేసేవాళ్లం అన్నా. నువ్వు చెప్పప్పా."

తమిళంలో అడిగి ఉంటే అబద్ధమాడేవాణ్ణి. ఇంటి మాటలో అడిగేసరికి నిజం వచ్చేసింది. "మూడు తూర్లు."

"మూడా?" అన్నాడు నాయన, నావైపు చూసి. నాకు ఆమె మీద మండిపోయింది. అంతమంది డాక్టర్లుండగా తెలుగు వచ్చిన ఈవిడే దొరకాలా అనుకున్నాను.

ఆమె కుర్చీ నాయన ముందుకు లాక్కుంది. రెండు పిడికిళ్లూ పక్కపక్కన పెట్టమంది. మెడలోని స్టెతస్కోపు తీసి, దాని గొట్టాన్ని ఆ రెంటి సందులోంచి పోనిచ్చింది.

"ఈ రెండూ గుండెలోనించి వచ్చే పెద్ద గొట్టాలు. మీ బిడ్డ నాళం ఈ సందులో దూరి పోతా ఉంది. ఊరికే కూసున్నప్పుడు ఏమీ లేదు. పరిగెత్తితే ఈ రెండూ ఉబ్బుతాయి, అది నలుగుతుంది. అందుకే పడినాడు. ఆపరేషను ఉంది, చేయిస్తాం. అందాకా కర్ర పట్టకూడదు. ఇప్పుడు పిడికిళ్లు దగ్గరికి నొక్కండన్నా, తెలుస్తుంది."

నాయన నొక్కలేదు. మళ్లీ చెప్పింది. పత్తిచేలో కాయలు కాసిన ఆ చేతులు గొట్టానికి తగలకుండా ఇంకాస్త ఎడంగా జరగడం చూశాను. అప్పటిదాకా నాకు గుండె గురించి ఏ భయమూ లేదు.

"వద్దమ్మా," అన్నాడు పిడికిళ్లు విప్పేస్తూ. "వాడు ఆడడు."