సుధారాణి సిస్టర్ రోగాలు

సుధారాణి సిస్టర్‌కు రోజుకో రోగం వచ్చేది. సోమవారం నడుము పట్టేది, మంగళవారం చెవిపోటు, బుధవారం చెప్పుకోలేని బాధ ఏదో ఒకటి. ఎల్లారెడ్డి వెళ్లే దారిలో ఉన్న మా ప్రభుత్వ దవాఖానలో ఆమె హెడ్ నర్సు, నేను మందులిచ్చేవాణ్ని. అయినా పొద్దున్నే తెల్ల యూనిఫాం మీద శాలువా కప్పుకుని రోగుల వరుసలో నిలబడేది. చిట్టీ తీసుకుని, బెంచీ మీద గంటసేపు కూర్చుంటే తప్ప డ్యూటీ ఎక్కేది కాదు.

"సిస్టర్, నిన్ననే మూలశంక రాసిన. గింత జల్ది తక్కువైందా?" అని చిట్టీలు రాసే నగేశ్ అడిగేవాడు.

"అది తక్కువైంది. ఇయ్యాల మోకాలు రాయి."

ఆ ఏడు మా దవాఖాన జాతీయ నాణ్యతా సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టింది. గోడలకు రంగులేశాం. చేతులు కడుక్కునే పద్ధతిని వాచ్‌మన్‌తో సహా అందరం బట్టీ పట్టాం. తనిఖీకి ముందురోజు డాక్టర్ అరుణ్‌కుమార్ సిస్టర్‌ను బతిమాలాడు. "రేపొక్కదినం మంచిగుండు సిస్టర్."

మర్నాడు తనిఖీ మేడమ్ ఫైలు తెరిచి హెడ్ నర్సు ఎక్కడని అడిగింది. హెడ్ నర్సు శాలువాతో బెంచీ మీదే ఉంది. డాక్టర్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

సిస్టర్ పక్కన బీడీలు చుట్టే దేవవ్వ కూర్చుంది. అంతకుముందు మూడుసార్లు వచ్చి, జ్వరమని రాయించుకుని, నా దగ్గర గోలీలు తీసుకెళ్లిన మనిషే. బెంచీ నా కిటికీ పక్కనే కాబట్టి మాటలు వినబడ్డాయి.

"నాకు గర్భసంచి జారిందవ్వా. మగోళ్ల ముందట ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు" అంది సిస్టర్.

దేవవ్వ ఆమె దగ్గరికి జరిగింది. తర్వాత మెల్లగా అంది. "నాకు రెండేండ్ల సంది గదే బాధ బిడ్డా. జరమని చెప్పి పోతున్న. పా, ఇద్దరం కలిసి చెప్దాం."

తనిఖీ మేడమ్ చూస్తుండగానే దేవవ్వ సిస్టర్ చెయ్యి పట్టుకుని డాక్టర్ గదిలోకి నడిచింది. "సారూ, ముందుగాల ఈ బిడ్డను చూడుండ్రి. శానా సిగ్గుపడుతున్నది."

హెడ్ నర్సు సీట్లో లేనందుకు మేడమ్ మార్కులు కోసింది. అలా సిస్టర్ చెప్పే రోగం విని బెంచీ మీద నోరు విప్పినవాళ్లు ఎందరని అడిగి, ఆ ఏడాదిలో దేవవ్వ పన్నెండో మనిషని తెలిశాక, కోసినవి మళ్లీ వేసింది. సర్టిఫికెట్ వచ్చింది. చిట్టీ దగ్గర అందరి ముందూ రోగం అడగడం మానేశాం. ఇప్పుడు పక్కగదిలో నర్సే అడుగుతుంది.

దేవవ్వకు కామారెడ్డిలో ఆపరేషన్ అయింది. నెల తర్వాత చూపించుకోవడానికి వచ్చి, యూనిఫాంలో ఉన్న సిస్టర్‌ను చూసి నిలబడిపోయింది.

"నర్సువై ఉండి గంత భయమైతె ఎట్ల బిడ్డా? ఏం నొప్పి లేదు. నువ్వు గూడ చేపిచ్చుకో. తోడు నేనొస్త."

సిస్టర్ తల వంచుకుని, సరే అవ్వా అంది.