చేంతాడు పట్టుకున్న అవ్వ

మా ఇంటికి కొత్తగ వచ్చినోళ్లు ముందుగాల అడిగే మాట ఒకటే: "గోడ మీదున్న పెద్దమనిషి మీ తాతనా?" కాదు. ఆయన ఎవరో నాకు తెల్వదు. తలకు పెద్ద రుమాలు, మెలితిప్పిన మీసాలు, కుర్చీ మీద కూసున్న దర్జా. నకిరేకల్ల ఒక పాత ఇల్లు కూలగొడుతుంటే మట్టిల పడి ఉండె. ఆయిల్ పెయింటింగు, రంగు చెక్కుచెదరలే. తెచ్చి, తుడిచి గోడకు పెట్టిన. తెల్లారే పక్కింటామె బంతిపూల దండ తెచ్చి వేసిపోయింది. పోయిన పెద్దమనిషే అయి ఉంటడని ఆమె అనుకున్నది. నేను దండ తియ్యలే. ఎవరి తాతయితే ఏంది, అందంగ ఉన్నడు.

తెలంగాణ వచ్చినంక మా దిక్కు ఊరూర స్లాబు ఇండ్లు లేచినయి. పెంకుటిల్లు కూలినప్పుడల్ల లోపలి నుంచి పాత బొమ్మలు బయటపడుడు షురువయింది. నేను సర్కారు బడిల టీచర్‌ను. బడి అయిపోంగనే స్కూటీ తీసుకొని వాటి వెంబడి పడుడే నా పని. అద్దం వెనక రంగులేసిన కృష్ణుడు దొరికిండు. ఫొటో స్టూడియోల వెనకకు కట్టే పరద ఒకటి దొరికింది, దాని మీద పాలరాతి మెట్లు, మెట్ల మీద మబ్బులు, మబ్బులల్ల విమానం. తామరపూల నడుమ ఈతగొట్టే బాతులు గూడ ఉన్నయి నా కాడ. గీసినాయన కోళ్లనే చూసిండో ఏమో, బాతులకు కోడికాళ్లు పెట్టిండు. అన్నీ మా నాయిన, మా బాపు, చిన్నగున్నప్పటి బొమ్మలే. "ఇంట్ల మనుషులకు జాగా లేదు, ఆ బాతులను జర కిరాయి అడుగు" అంటడు మా ఆయన. అననియ్యి. వానలకు స్టూడియో పరద తడుస్తదని అర్ధరాత్రి లేచి మడతపెట్టింది ఆయననే.

బాపుకు మాత్రం నా పిచ్చి మీద కోపం ఉండె. "ఎవరెవరి తాతలనో తెచ్చి గోడలెక్కిస్తవ్, మా అమ్మ బొమ్మ మాత్రం నీకు దొరకదాయె" అనేటోడు.

మా అవ్వకు, అంటే బాపు తల్లికి, ఒక్క ఫొటో లేదు. నేను పుట్టకముందే పోయింది. కూలికి పోయే మనిషిని ఎవరు ఫొటో తీస్తరు? తల్లిగారిల్లు గూడ లేదామెకు. కరువుల పసిపిల్లగ ఎవరి వెంబడో మా ఊరికి వచ్చిందట. మా దిక్కు ఆడబిడ్డ తల్లిగారింటి నుంచి పోయేటప్పుడు పసుపు కలిపిన బియ్యం కొంగుల పోసి పంపుతరు, ఒడిబియ్యం అంటరు. వాడకట్టుల ఎవరికన్న ఒడిబియ్యం వస్తే అవ్వ తలుపు దగ్గరికేసుకొని లోపల కూసునేదని బాపు చెప్పేటోడు.

అయితే అవ్వది ఒక బొమ్మ ఉండెనట. బాపు చిన్నగున్నప్పుడు, కేతేపల్లి దిక్కున్న మా ఊరికి నాటకాల కంపెనీ వచ్చింది. వానలు పట్టుకొని కంపెనీ కదలలే. వాళ్ల పరదలు రాసే పెయింటర్‌ను మా చర్చి అయ్యగారు పిలిచి, బావి కాడ యేసు ప్రభువు, యూదులు దూరం పెట్టే సమరయ స్త్రీని నీళ్లడిగే బొమ్మ గుడ్డ మీద రాయమన్నడు. పెయింటర్‌కు ఎదురుంగ నిలబడే మనిషి కావాలె. పని లేక ఖాళీగున్న మా అవ్వ నిలబడ్డది. గట్ల సమరయ స్త్రీకి కాళ్లకు కడియాలు, గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు వచ్చినయి. బొమ్మల అవ్వ ఎడమ చెయ్యి బావి చేంతాడు మీద ఉంటదట.

ఊర్ల బావి పటేల్‌ది. మావోళ్లు చేంతాడు ముట్టొద్దు. కుండ పట్టుకొని ఎడంగ నిలబడితే పటేల్ ఇంటోళ్లు తోడి పైనుంచి పోసేటోళ్లు. అవ్వ చేంతాడు పట్టుకున్నది ఆ బొమ్మలనే. నేను బడికి పోయే రోజులల్ల పాత చర్చి తీసి కొత్తది కట్టిన్రు, ఆ సందుల బొమ్మ మాయమయింది. "నా యాదిల అమ్మ మొఖం అరిగిపోతాంది బిడ్డా, ఒక్కసారి చూస్తే చాలు" అన్నడు బాపు ఒకనాడు. అప్పటి నుంచి ఎవరింట్ల అడుగుపెట్టినా నా కండ్లు మూడు చుక్కల కోసమే దేవులాడేటియి.

మొన్నటి ఎండాకాలం హాలియాల ఒకరింట్ల అద్దం మీద రాసిన పాత లక్ష్మీదేవి ఉన్నదంటే పోయిన. ఇంటి పెద్దామె, ఎనభై దాటిన మనిషి, నన్ను దేవుని అర్రలకు తోల్కపోయింది. నేను లక్ష్మీదేవిని చూడనే లేదు. పక్కన ఇంకో ఫ్రేముల ఒక ఆడమనిషి, బావి గట్టు, కుండ. మొఖమంత పసుపు, నొసటికి పెద్ద బొట్టు. పసుపు కింద మూడు చుక్కలు. ఎడమ చెయ్యి చేంతాడు మీద.

"ఈమె ఎవరు పెద్దమ్మా?"

"మా గంగమ్మ తల్లి బిడ్డా. బోరేసినా, నాటేసినా ఈమెకు మొక్కనిదే మొదలుపెట్టం. ఒక్క బోరు ఫెయిల్ కాలే."

నవ్వొచ్చింది, ఎంబడే ఏడుపొచ్చింది. బొమ్మ ఎక్కడిదని అడిగితే మా ఊరి పేరే చెప్పింది. వడ్ల బస్తాల మీద కప్పుటానికి వాళ్లాయన ఎక్కడినుంచో ఆ గుడ్డ తెచ్చిండట. అప్పటికే సగం చెదలు తిన్నయట. గింత చక్కటి మొఖాన్ని కాళ్ల కింద ఎట్లేస్తమని ఈమె మంచిగున్న సగం కోసి ఫ్రేము కట్టిపిచ్చింది. తర్వాత బావి ఎండి, కాలువ కింద భూమి కొనుక్కొని హాలియా వచ్చినా తల్లిని ఇడువలే. ఆ బావి ఈ పటేల్ ఇంటిదేనని నాకు అప్పుడు సమజయింది. చెదలు తిన్న సగంల యేసు ప్రభువు ఉండెనని చెప్పబుద్ధి కాలే. బొమ్మ ఇస్తరా అని మాత్రం అడిగిన. "దేవుణ్ని ఎవరన్న ఇస్తరా?" అన్నది. ఆమె జాగల నేనున్నా గదే అందును.

ఆదివారం ఆరాధన కాంగనే బాపును తోల్కపోయిన. దేవుని అర్ర గడప కాడ చెప్పులిడిచి నిలబడ్డడు. చూసిండు, చూసిండు. "అమ్మా" అన్నడు. డెబ్బై దాటిన మనిషి పసిపోరని లెక్క ఏడ్చిండు. భక్తి పొంగిందనుకొని పెద్దామె హారతి పళ్లెం అందుకున్నది.

"పటేలమ్మా, ఈమె మా అమ్మ. మీ బావి కాడ కుండ పట్టుకొని నిలబడేది" అన్నడు బాపు.

పెద్దామె పళ్లెం కింద పెట్టి అట్లనే కూలబడ్డది. మెల్లగ అన్నది: "కొత్తకోడలుగ వచ్చినప్పుడు నేను గూడ పోసిన నీళ్లు. కుండను చూసుకుంట పోసేటోళ్లం నాయినా. మొఖాలు చూడకపోతుంటిమి."

బాపు కండ్లు తుడుచుకున్నడు. "మీ ఇంట్లనే ఉండనియ్యి పటేలమ్మా. మంచిగ చూసుకున్నరు. నేను చూసిన, చాలు." నాకు ఒళ్లు మండింది. ఇన్నేండ్లు తిరిగింది ఇడిచిపెట్టి పోనీకెనా?

పెద్దామె లేచి వంటింట్లకు పోయింది. వచ్చినప్పుడు చేతుల చాటనిండ పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ. "దేవుణ్ని ఇంట్ల నుంచి పంపొద్దు. ఆడబిడ్డనైతే పంపుతం. ఇన్నేండ్లు మా ఇంట్ల ఉన్నది, మా ఆడబిడ్డనే గద" అన్నది. బొమ్మకు ఒడి ఎక్కడిది? నన్ను బొమ్మ ముంగట కూసోబెట్టి నా కొంగు పట్టమన్నది. దోసిళ్లతోటి పోసింది. బాపు "పటేలమ్మా" అనబోతే, "ఆడబిడ్డ కొడుకువు, ఇంక పటేలమ్మ ఏంది, అత్తమ్మా అను" అని కసిరింది. బాపుకు ఆ మాట నోట్లకు రానీకె సేపు పట్టింది, కానీ అన్నడు.

అవ్వ ఇప్పుడు మా ఇంట్ల రుమాలు పెద్దమనిషి పక్కన ఉన్నది. చర్చి సంఘపెద్ద అయి ఉండి కూడ బాపు ఆ పసుపు, బొట్టు తుడువనియ్యలే. ఒడిబియ్యం వండి అందరికి పెట్టుడు మా దిక్కు రివాజు. చుట్టాలను పిలిచి వండిపెట్టినం. బాపు తాను తినకుంట బంతి పొడుగున తిరుగుకుంట ఒక్కొక్కరికి చెప్పిండు: "జర చూసుకొని తినుర్రి, మెతుకు కింద పడొద్దు. మా అమ్మ తల్లిగారింటి బియ్యం."