గొంతు అతనిది, అరుపు నాది

తెర మీద కదిలే పెదవులు ఎవరివో, వినిపించే గొంతూ వారిదేనని ఆ రోజుల్లో లోకమంతా నమ్మేది. లోకంతోపాటు నేనూ నమ్మాను. జ్ఞాపకాలకు రంగులు అద్దడం నాకు చేతకాదు, అంకెల మీదే నా నమ్మకం. కనుక లెక్క ముందే అప్పగిస్తాను. నటించినవి ముప్పై ఒక్క చిత్రాలు. ఇరవై ఏడింటిలో చచ్చిపోయాను. (మిగిలిన నాలుగింటిలో పోలీసులు పట్టుకుపోయారు.) ఇది మొదటి చావు సంగతి.

బోధన్ చెరకు తోటల్లో ఒక సినిమా బృందం దిగినప్పుడు నేను నిజామాబాద్‌లో నాటకాలు వేస్తుండేవాణ్ణి. ఎత్తు చూసి నన్ను ప్రతినాయకుడి అనుచరుడిగా తీసుకున్నారు. నాలుగు మాటలు, ఆపైన కథానాయకుడి చేతిలో దెబ్బలు, చెరకు గడల నడుమ మరణం. మా అవ్వకు (మా వైపు కన్నతల్లిని అలాగే పిలుస్తాం) అప్పటికే కళ్లకు పొరలు కమ్మాయి. వేళ్లతో తడుముకుంటూ బీడీలు చుట్టేది. "సూపు లేకుంటే ఏమాయె కొడుకా, నీ మాట ఇంటె సాలు. నాకు గదే సినిమా," అంది.

చిత్రీకరణ ముగిశాక నన్ను హైదరాబాద్ పిలిపించి, మైకు ముందు నిలబెట్టి, దెబ్బకొకటి చొప్పున అరిపించారు. మాటలు తోటలోనే రికార్డు చేసుకుని ఉంటారనుకుని, సంతోషంగా అరిచి వచ్చాను.

సినిమా నిజామాబాద్ వచ్చిన రోజున వాడకట్టు ఆడవాళ్లంతా ఆటోలెక్కారు. అవ్వ కొత్త చీర కట్టుకుని నా పక్కన కూర్చుంది. నేను తెర మీదికి రాగానే ఈలలు పడ్డాయి. నేను నోరు తెరిచాను. అందులోంచి ఎవరిదో గంభీరమైన కంఠం, పాఠం అప్పజెప్పినట్టు, బయటికి వచ్చింది.

"ఇంక రాలేదారా నువ్వు?" అవ్వ నా మోచేయి గిల్లింది.

"వచ్చిన అవ్వా. గిప్పుడు మాట్లాడింది నేనే."

"పోరా! నా కడుపుల పుట్టినోని గొంతు నాకెర్క లేదా? గాడెవడో బడి పంతులు లెక్క మాట్లాడుతుండు."

"లేదు వదినా, మూతి మనోనిదే!" అంది వెనక వరసలోని మేనత్త. అవ్వ నమ్మలేదు.

అంతలో కథానాయకుడు నా కడుపులో ఒక్కటి గుద్దాడు. నేను అరిచాను. అవ్వ దిగ్గున లేచి నిలబడింది. "వచ్చిండు! నా కొడుకొచ్చిండు!" రెండో దెబ్బకు, "ఓరి, నీ చేతులిరగ! నా పోరన్ని ఎందుకు కొడ్తున్నవురా?" అని తెర వైపు శాపనార్థాలు మొదలుపెట్టింది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, ముఖం దాచుకోవడానికి వేరే తోవ దొరకలేదు.

తరువాత ఆ చిత్రం ప్రొడక్షన్ మేనేజరును అడిగితే, "నీ యాసకు జనం నవ్వుతారయ్యా," అన్నాడు. మరి అరుపులు నావెందుకు? "అరిస్తే గొంతు పోతుందని మాటలు చెప్పినాయన ఒప్పుకోలేదు." ఆ ఏర్పాటు ముప్పై చిత్రాల దాకా మారలేదు. ఏనాటికైనా నా మాట అవ్వకు వినిపించాలని నాలుకను సానబెట్టుకున్నాను. ఇంట్లోనూ పుస్తకంలా మాట్లాడాను. "సుట్టమోలె మాట్లాడుతున్నవేందిరా?" అనేది అవ్వ. నా మాట తెర మీద వినకుండానే కన్నుమూసింది.

మొన్న ముప్పై ఒకటో చిత్రానికి ఒక కుర్ర దర్శకుడు పిలిచాడు. "సార్, అచ్చమైన నిజామాబాద్ యాస కావాలి. మీ గొంతే!" నా మాటలు నేనే చెప్పాను. అతను చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి, మొహమాటంగా తల గోక్కున్నాడు. "బాగుంది సార్, కానీ సహజంగా లేదు. యాస బాగా పలికే కుర్రాడున్నాడు, చెప్పిద్దాం." (కుర్రాడిది రాజమండ్రి అట.) "అరుపులు మాత్రం మీరే ఇవ్వండి సార్."

మైకు ముందు నిలబడి, శ్రద్ధగా గొంతు సవరించుకుని అరిచాను. ఒక్కసారికే బాగా వచ్చిందన్నారు. నేను మాత్రం అలవాటుకొద్దీ పక్కకు తిరిగి చూశాను, ఎవరైనా లేచి నిలబడ్డారేమోనని. స్టూడియో గాజు పలకలో ఒక ముసలివాడు నాలాగే పక్కకు చూస్తూ కనిపించాడు. అతణ్ణి చూసి నవ్వొచ్చింది.