ముగ్గు పిండిలో గుర్రం అడుగు

మా ఎమ్మిగనూరు వీధిలో జట్కా తోలిన మామ మొన్న బేస్తవారం పొద్దున పోయారు. కబురు విన్నప్పటి నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. దీపం పెట్టి జపానికి కూర్చున్నా చెవులు వీధిలోనే ఉంటున్నాయి. రెండుసార్లు లేచి తలుపు తీసి చూశాను.

ఆయన మాకు బంధువు కాదు. మాది పూజల ఇల్లు, ఎదురుగా ఆయనది నమాజు ఇల్లు. నా చిన్నప్పటి నుంచి ప్రతి బేస్తవారం మమ్మల్ని గుడికి తీసుకుపోయింది ఆయన జట్కానే. నాకు పిల్లలు పుట్టాక కూడా ఆయనకు నేను పాపనే.

పన్నెండేళ్ల కిందటి మాట. ఆదోనిలో నాడాలు కొట్టించినప్పుడు ఒక మేకు పక్కకు దిగి, ఆయన ఎర్రగుర్రం గిట్టలో చీము పట్టింది. అది మానింది గానీ, "ఇంగ ఈ తల్లికి ఇనుము కొట్టించను" అని మామ ఒట్టు పెట్టుకున్నారు. మట్టిబాటలో అది ఉత్త కాళ్లతో హాయిగానే నడిచేది. అంతలో ఆదోని రోడ్డుకు కొత్తగా కంకర పరిచారు. వారం తిరక్కుండా కుంటడం మొదలైంది. గుర్రాల బేరగాడు రెండుసార్లు వచ్చిపోయాడు. వచ్చే బేస్తవారానికి నడవకపోతే అమ్మేయక తప్పదన్నారు మామ. ఆ మాట అన్నాక ఆయనకు అన్నం దిగలేదు. వీధిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు.

"మనకు చెప్పులు కుట్టినట్టే దానికీ కుట్టిస్తే?" అన్నాను మెల్లగా.

ఆలోచన నాది, తప్పూ నాదే. ఆయన కాలు ఎత్తి పట్టుకుంటే నేను పాత క్యాలెండరు అట్ట గిట్టకు ఆనించి పెన్సిలుతో గీశాను. చెప్పులు కుట్టేవాడు ఆ కొలతకే ముందు కాళ్లకు జోడు కుట్టాడు. ఒక్కపూట తొడిగేసరికి మడమలు ఒరుసుకుని ఎర్రబడ్డాయి. నేను ఏడ్చాను. మామ కోప్పడలేదు.

"పాపా, నీ పాదం గాల్లో ఎంత, బరువేసి నిలబడితే ఎంత? గిట్ట కూడా అంతే, నేల తగిలితే విచ్చుకుంటాది. నిలబడినప్పుడే కొలత తీయాల. పండుకున్నోనికి తీసేది ఒకటే కొలత, గోరీ కొలత."

మరునాడు నేను ముగ్గుగిన్నెతో బయటికి వచ్చేసరికి గుర్రం మా అరుగు ముందుంది. "ఆ పిండి బండమీద పరుచు పాపా" అన్నారు. లక్ష్మీదేవి అడుగుపెట్టే చోటని ఒక్క క్షణం వెనకాడాను. పరిచాను. ఆయన ఒక కాలు ఎత్తి పట్టుకుంటే బరువంతా రెండో కాలి మీద పడింది. తెల్లటి పిండిలో గిట్ట ముద్ర నిండుగా దిగింది.

ఈసారి జోడుకు అడుగున పత్తి జిన్నింగు మిల్లు పారేసిన పాత బెల్టు, పైన మందపు కాన్వాసు, మడమ దగ్గర మెత్తగా కంబళి ముక్క. తొడిగి, వెనక వేలు దూర్చి చూశారు. "ఒక వేలు పట్టాల. రెండు పడితే ఊడతాది, పట్టకుంటే కొరుకుతాది."

టీ అంగడి ముందు ఒకడు నవ్వాడు. "ఏం మామా, గుర్రానికి బూట్లా! రేపు సాక్సులు కూడా ఏస్తావా?"

"ఏస్తా. మీ అత్త నీకు పెండ్లిలో పెట్టిన జత తీస్కరా పో, దీనికి సరిపోతాది."

బేస్తవారం వచ్చింది. బేరగాడు కూడా వచ్చాడు. గుర్రం కంకర మీద మొదటి నాలుగడుగులు తడిలో నడిచే పిల్లిలా ఎత్తి ఎత్తి వేసింది. తరువాత కాలు గట్టిగా ఆనించింది. బేరగాడు తువ్వాలు దులుపుకుని లేచి వెళ్లిపోయాడు.

"ఎక్కు పాపా, గుడికి పొద్దు పోతాంది" అన్నారు మామ.

ఆ రోజు నుంచి జట్కా పెద్దగా చప్పుడు లేకుండా వచ్చేది. వచ్చిందో లేదో తెలియక బేస్తవారాల్లో మాటిమాటికీ తలుపు తీసేదాన్ని. ఆ అలవాటే ఇప్పుడు నన్ను కూర్చోనివ్వడం లేదు.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. గోరీకి కొలత తీసిన సంగతి ఆయన భార్య చెబుతుంటే వినలేక దొడ్లోకి పోయాను. జోడు మేకుకు వేలాడుతోంది. గుర్రం ముసలిదైపోయింది. నా అడుగుల చప్పుడు వినగానే ముందుకాలు తానే ఎత్తి అలాగే ఉంచింది. నేల మీద కూర్చుని గిట్టను అరచేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది. అది మాత్రం నా భుజం మీదుగా తలుపు వైపే చూస్తోంది.