నా చేతిలో ఆయన తాపీ

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలగా, మేము రెండు వందల గజాల జాగా కొన్నప్పుడు మా పెళ్లై ఆరేళ్లు. నా భర్త తాపీమేస్త్రీ. తొంభైల చివర అది. కండ్లకోయ వైపు కాలేజీల కోసం పెద్ద పెద్ద భవనాలు లేస్తున్నాయి, పనికి కొదువ లేదు. పొద్దున్నే సద్దిగిన్నె సైకిల్‌కు తగిలించుకుని పోయేవాడు, చీకటి పడే వేళకు ఒళ్లంతా సిమెంటు దుమ్ముతో వచ్చేవాడు.

జాగా కొన్నాక రెండు గదులు కట్టుకుని పైన రేకులు వేసుకున్నాం. అంతటితో పని ఆగిపోయింది. గోడలకు పూత లేదు. లోపలా బయటా ఎర్రటి ఇటుకలే. ఊరందరి గోడలు అద్దంలా తీర్చే మనిషి ఇంట్లో, ఇటుకల సందుల్లో నా కూతురు బలపం ముక్కలు దాచుకునేది. ఇంటికొచ్చిన వాళ్లు నవ్వేవాళ్లు. ఆయన కూడా వాళ్లతో నవ్వేవాడు కానీ, వాళ్లు పోయాక ఆ గోడల వైపు చూసేవాడు కాదు.

శనివారం కూలి చేతికొస్తే ముందు కిరాణం, తర్వాత జాగా కిస్తీ, తర్వాత కూతురి బడి. మిగిలిందాంతో సిమెంటు కొనాలని ప్రతి వారం అనుకునేవాళ్లం. ఒకసారి నిజంగానే ఐదు సంచులు కొని ఇంట్లో పెట్టాం. సరిగ్గా అప్పుడే మా అత్తకు జబ్బు చేసింది. ఆమెను ఆస్పత్రికి తిప్పి, ఆమె పోయాక దినాలు చేసి, మళ్లీ సంచుల దగ్గరకు వచ్చేసరికి వానాకాలం దాటిపోయింది. సంచులు విప్పితే లోపల రాళ్లు. డబ్బు దాచుకుంటే డబ్బుగానే ఉంటుంది, సిమెంటు దాచుకుంటే రాయవుతుందని నాకు అప్పుడు తెలిసింది. ఆ సంచులనే గడప ముందు మెట్లుగా వేసుకున్నాం.

ఇంటి ముందు ఖాళీ జాగా నాది. నాది అని నేను అనుకున్నాను. మొరం నేల అది, గునపం దిగేది కాదు. కుంట పూడిక తీస్తున్నప్పుడు ఒక ట్రాక్టరు మట్టి పోయించుకుని, మూడు నెలలు రాళ్లేరి మడులు కట్టాను. పాలకూర, మెంతికూర, పుంటికూర, గోడ పక్కన చిక్కుడు. గిన్నెలు కడిగిన నీళ్లు, స్నానం చేసిన నీళ్లు అన్నీ కాలువ తీసి మడులకే మళ్లించాను. ఎండాకాలంలో అవి చాలకపోతే మేము ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం పెద్దమ్మ తన బావిలో తోడుకోనిచ్చేది. ఆమెది పాతకాలపు వ్యవసాయ కుటుంబం, మా జాగా కూడా ఒకప్పుడు వాళ్ల చేనులోదే.

ఆ మడుల మీదే మా ఇద్దరికీ మొదటి పెద్ద గొడవ. ఎక్కడో ఇసుక చవకగా వస్తోందని ఆయన ట్రాక్టరు మాట్లాడుకొచ్చాడు.

"ఇసుక యాడ పోయిస్తవు?" అని అడిగాను.

"ముంగట. ఇంకెక్కడున్నది జాగ?"

"అక్కడ కూర ఉన్నది."

"ఆకుకూరలు పెట్టి గోడలు లేపుతవా? ఇల్లు ముఖ్యమా, పాలకూర ముఖ్యమా?"

"పది దినాలు నీకు పని లేకపోతే గా పాలకూరనే తిన్నం. యాదికి లేదా?"

ఇసుక రాలేదు. గెలిచానని అప్పుడు సంతోషపడ్డాను. ఆ ఇసుక ఆ రోజు పోయించుకుని ఉంటే, ఆయన చేతులు బాగున్నప్పుడే గోడలకు పూత అయిపోయేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఆ మరుసటి ఏడు ఆయన పడ్డాడు. మేడ్చల్ దగ్గర ఎవరిదో రెండంతస్తుల ఇల్లు. గోడ చుట్టూ కట్టిన కర్రల మీద నిలబడి పని చేస్తుంటే కాలి కింది చెక్క విరిగింది. ప్రాణం పోలేదు. కుడి మోచెయ్యి, మణికట్టు రెండూ నుజ్జయ్యాయి. పెద్దాసుపత్రిలో కోసి ఎముకలకు ఇనుప పట్టీలు వేశారు. మూడు నెలల తర్వాత కట్టు విప్పితే చెయ్యి చెయ్యిలాగే కనిపించింది. కానీ వేళ్లు మూసుకోవు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నా కూతురి పలక కూడా నిలిచేది కాదు. ఇల్లు కట్టించే మనిషి మొదటి నెల కొంత ఇచ్చాడు, రెండో నెల కనబడలేదు. తోటి మేస్త్రీలు ఒక ఆదివారం వచ్చి కూర్చుని, చాయ తాగి పోయారు. మళ్లీ రాలేదు. వాళ్లను నేను తప్పు పట్టను. ఆయన ముఖం చూస్తూ కూర్చోవడం కష్టం.

గోడల కోసం దాచిందంతా ఆస్పత్రికి పోయింది. అప్పుడు నా మడులే మమ్మల్ని పోషించాయి. తెల్లవారకముందే కూర కోసి, కట్టలు కట్టి, గంపలో పెట్టుకుని రోడ్డు మీద బస్సులాగే చోట కూర్చునేదాన్ని. ఒక్క కట్ట మిగిలినా సాయంత్రం మా కూర అదే. ఆయన ఇంట్లోంచి కదిలేవాడు కాదు. నేను నీళ్లు మోస్తుంటే కిటికీలోంచి చూసేవాడు. ఒకసారి బయటికొచ్చి ఎడమ చేత్తో బిందె ఎత్తబోయి, సగం నీళ్లు మీద పోసుకుని లోపలికి వెళ్లిపోయాడు. నేను చూడనట్టు వంగి కలుపు తీస్తూ ఉండిపోయాను.

ఆ వానాకాలం పడమటి గోడ తడిసింది. పూత లేని ఇటుక నీళ్లు పీల్చుకుని లోపలికి వదిలేది. కూతురు పడుకునే మూల అది. పిల్లకు దగ్గు మొదలైంది, తర్వాత ఆయాసం. డాక్టరు మందులు రాసిచ్చి, "ఇంట్లో చెమ్మ ఉందా?" అని అడిగాడు. తెలిసిన మేస్త్రీని ఆ ఒక్క గోడకు ఎంతవుతుందని అడిగాను. అతను తగ్గించే చెప్పాడు. ఆ తగ్గించింది కూడా మా దగ్గర లేదు.

ఇంటికొచ్చి నా భర్త ముందు కూర్చున్నాను.

"ఇసుకకు, సిమెంటుకు సరిపోయే మందం పైసలున్నయి. కూలి మందం లెవ్వు. నువ్వు చెప్పు, నేను జేస్త."

"ఏం జేస్తవు?"

"గోడకు పూత."

ఆయన నన్ను వింతగా చూశాడు. "ఆడోళ్లు తట్ట మోస్తరు. తాపీ పట్టరు."

ఆ మాటలో అబద్ధం లేదు. ఏ పని దగ్గర చూసినా ఆడవాళ్లు ఇసుక జల్లెడ పట్టడం, సిమెంటూ ఇసుకా వేసి మాలు కలపడం, తట్టలు మోయడమే. ముప్పై ఏళ్లు మోసినా వాళ్లు కూలీలే, మేస్త్రీలు కారు.

"ఎందుకు పట్టరు?"

"పట్టరంటే పట్టరు. నలుగురు నవ్వుతరు. మొగడి చెయ్యి పోయింది, పెండ్లాం తాపీ పట్టిందంటరు."

"పిల్లకు ఊపిరాడుతలేదు. నవ్వేటోళ్లు వచ్చి గోడ కడ్తరా?"

అన్నాక నాకే భయమేసింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులు నాతో మాట లేదు. ఖాలాకు చెప్పుకుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని, "సబర్ చెయ్యి బేటీ, ఓపిక పట్టు. ఆయనకు చెయ్యి కంటే ఇజ్జతే ఎక్కువ నొస్తాంది" అంది.

మూడో రోజు నేను కూర అమ్ముకుని వచ్చేసరికి ఆయన మంచం కిందినుంచి పనిసంచి తీసి ముందు పెట్టుకుని ఉన్నాడు. తాపీకి తుప్పు పట్టింది. దాన్ని కాలి కింద తొక్కిపెట్టి, ఎడమ చేత్తో ఇటుక ముక్కతో రుద్దుతున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"ముందు ఇసుక జల్లెడ వట్టాలె. సన్నగ."

ఇసుక పోయించడానికి జాగా కావాలి. మెంతి మడి, దాని పక్క పాలకూర మడి నేనే పీకేశాను. లేత కూర, ఇంకో వారం ఆగితే అమ్ముడుపోయేది. ఆయన గడపలో నిలబడి చూస్తున్నాడు. ట్రాక్టరు వచ్చి ఆ మడుల మీద ఇసుక కుమ్మరించినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ముఖం కడుక్కునే నెపంతో లోపలికి పోయాను.

పని మొదలుపెట్టే ముందు రోజు సాయంత్రం గోడకు నీళ్లు కొట్టించాడు. "పొడి గోడ మాలుల ఉన్న నీళ్లు గుంజుకుంటది, పూత పగుల్తది" అన్నాడు. ఉదయం మాలు కలిపాను. అది నాకు వచ్చు, పెళ్లికి ముందు మా అమ్మతో కూలికి పోయినప్పుడు కలిపాను. తాపీతోనే వచ్చింది కష్టం. నేను మాలు తీసి గోడకు అంటించాను. జారి కాళ్ల మీద పడింది. మళ్లీ అంటించాను. మళ్లీ పడింది.

"పెట్టకు, కొట్టు" అని అరిచాడు. "రొట్టెకు నెయ్యి పూస్తున్నవా? కొట్టాలె. మణికట్టుతోని."

కొట్టాను. సగం నా ముఖం మీదికే వచ్చింది.

ఆయన లేచొచ్చి తాపీ లాక్కుని, ఎడమ చేత్తో మాలు ఎత్తి కొట్టాడు. అది కూడా జారిపోయింది. ఇంకోసారి కొట్టాడు. ఇంకోసారి. పది పదిహేను సార్లు కొట్టి, తాపీ కింద పడేసి, ఇసుక కుప్ప మీద కూర్చున్నాడు. భుజాలు అదురుతున్నాయి. మా పెళ్లయ్యాక ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. వాళ్లమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు. నాకేం చేయాలో తోచలేదు. మాలు గట్టిపడుతుందని మాత్రం గుర్తొచ్చింది. తాపీ తీసుకుని మళ్లీ కొట్టడం మొదలుపెట్టాను. ఎన్నో దెబ్బకో గానీ ఒక ముద్ద గోడకు పట్టుకుని నిలిచింది.

కొంతసేపటికి వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. "గట్లనే. దాని పక్కపొంటి ఇంకోటి."

ఒక మేస్త్రీకి ఒక రోజు పట్టే గోడ నాకు ఆరు రోజులు పట్టింది. ఆయన దారం పట్టి, ఎత్తుపల్లాలు చూసి, ఎక్కడ నింపాలో, పొడుగు చెక్కతో ఎక్కడ లాగాలో చెప్పేవాడు. నా వేళ్ల సందులు సిమెంటుకు పుండ్లయ్యాయి, రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకునేదాన్ని. పూత అయ్యాక పది రోజులు గోడకు నీళ్లు పెట్టాలి. గోడ మీంచి కారిన నీళ్లు చిక్కుడు పాదులోకి పోయేలా ఆయనే ఎడమ చేత్తో చిన్న కాలువ తీశాడు. నా మడుల్లో ఆయన చేసిన మొదటి పని అది.

పదకొండో రోజు వంకర ఉందేమోనని గోడకు దారంతో గుండు వేలాడదీసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎట్లున్నది?" అన్నాను.

"నా దగ్గర పని జేసేటోడు గిట్ల జేస్తే కొట్టేసి మల్ల జెయ్యమందును" అన్నాడు. గుండుకు దారం చుట్టుకుంటూ, "నీళ్లయితె లోపలికి రావు" అన్నాడు.

నీళ్లు రాలేదు. కూతురి ఆయాసం ఒక్కసారిగా పోలేదు, కానీ ఆ చలికాలం ఆస్పత్రికి రెండుసార్లే పోయాం.

తర్వాత రెండేళ్లలో మిగతా గోడలన్నీ నేనే చేశాను. చేతిలో డబ్బున్నప్పుడు ఒక సంచి సిమెంటు, లేనప్పుడు కూర అమ్మకం. చివరి గదికి వచ్చేసరికి ఆయన అరవడం మానేశాడు. ఖాలా తన స్నానాల గదికి పూత వేయమని మమ్మల్ని పిలిచింది. తర్వాత పక్క వీధివాళ్లు చిన్న చిన్న పనులకు పిలిచారు. ఆయన దారం పట్టేవాడు, నేను తాపీ పట్టేదాన్ని. మేడ్చల్‌లో ఒక ఇంటాయన పని అయ్యాక ఆడకూలి లెక్కన డబ్బులు తీశాడు. నేను చెయ్యి చాపాను. నా భర్త నా చెయ్యి పక్కకు జరిపాడు.

"మేస్త్రి కూలి ఇయ్యాలె సార్."

"ఆమె మేస్త్రా?"

"గోడ చూస్కోండ్రి. గుండు ఏసి చూస్కోండ్రి. వంకరుంటె ఒక్క పైస ఇయ్యకుండ్రి."

ఇంటాయన గుండు వేయలేదు, డబ్బులు ఇచ్చాడు. మళ్లీ మమ్మల్ని పిలవలేదు. తిరుగు బస్సులో నా పనిసంచి ఆయన ఒళ్లో పెట్టుకున్నాడు.

రెండు వేల తర్వాత మా వైపు భూముల ధరలు లేచాయి. రింగురోడ్డు వస్తుందన్న మాట పుట్టగానే దళారులు ఇల్లిల్లూ తిరిగారు. కూతురు పదో తరగతి దాటింది, ముందు చదువు ఉంది. రేకులకు చిల్లులు పడ్డాయి. ఇంటి ముందు ఎనభై గజాలు అమ్మితే రెండూ తీరతాయి. ఆ ఎనభై గజాలంటే నా మడులు.

"నీ ఇష్టం. ఆ జాగ నీది" అన్నాడు ఆయన. ఒకప్పుడు ఇల్లా పాలకూరా అని అడిగిన మనిషి.

నాలుగు రోజులు ఆలోచించాను. ఆ మట్టిలోంచి ఏరి పారేసిన రాళ్లు నాకు ఒక్కొక్కటీ గుర్తున్నాయి. ఐదో రోజు సంతకం పెట్టాను. కొన్నవాళ్లు మంచివాళ్లే, ఉన్న కూర కోసుకోవడానికి వారం గడువిచ్చారు. చివరి రోజు చిక్కుడు తీగ పీకుతుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. తీగ పట్టు వదలడం లేదు. నేను లాగాను, ఆయన ఎడమ చేత్తో మొదలు దగ్గర మట్టి తవ్వాడు. ఇద్దరం కలిసి పీకి, ఎండు కాయలు ఏరి, విత్తనాలు కాగితంలో చుట్టి ఖాలా ఇంటికి పంపాం. ఆమె పెరట్లో ఇంకా జాగా ఉంది.

ఆ ఎండాకాలమే స్లాబు వేశాం. మనుషులు వరసగా నిలబడి తట్టలు పైకి అందిస్తుంటే ఆయన కింద ఉండిపోయాడు, నిచ్చెన ఎక్కలేడు. నన్ను ఎక్కమన్నాడు. పైన నలుగురు మేస్త్రీలున్నారు, వాళ్లలో ఒకరు నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చారు. ఎండ మాడిపోతోంది. ఒక మూల నేను వంగి పోసిన కాంక్రీటు సమం చేస్తుంటే, కలిపే మిషను చప్పుడులోంచి కింద ఆయన ఏదో అరిచాడు. వినిపించలేదు. అంచు దాకా వచ్చి చూశాను. మెడ వెనక్కి వంచి, ఎండకు ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీళ్లు తాగినవా అంటున్న" అన్నాడు.