నేల్త్యా ఎడమ చెయ్యి

హార్లెమ్‌లో నేల్త్యా చెయ్యి పడని దుప్పటి లేదు. పెళ్లికి ముందు నుంచీ చాకిరేవులో క్షారపు నీళ్లు మరిగే కాగుల దగ్గరే ఆమె బతుకు. ఒకసారి కాగు ఒరిగి, ఎడమ చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా ఉడికిపోయింది. పుండు మానింది, మచ్చ మిగిలింది. చేపల పడవెక్కిన మొగుడు తిరిగి రాలేదు. ఆ కబురు తెలిసిన రోజు కూడా ఆమె దుప్పట్లు ఆరేసింది. ఏడుపు రాలేదు. ఆ తరవాత ఏదీ రాలేదు. అద్దంతో సహా ఇంట్లో సామానంతా అమ్ముకుని, చర్చి వాళ్లు వారం వారం ఇచ్చే రొట్టెతో, పొయ్యిలోకి ఇచ్చే మట్టిబొగ్గులతో రోజులు ఈడ్చింది.

ఆ చలికాలం, రాగిరేకు మీద సూదితో బొమ్మలు గీసి కాగితాల మీద అచ్చుతీసే ఒకాయన ఆమెను బట్టల్లేకుండా కూర్చోమని అడిగాడు. సిగ్గుపడాలని ఆమెకు తెలుసు. సిగ్గూ రాలేదు. ఆ గదిలో పొయ్యి మండుతోంది, కూర్చుంది.

తరవాత సంతలో ఆ అచ్చు పక్కింటి లైస్బెత్ కంటపడింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. తిన్నగా చర్చి పెద్దల దగ్గరికి మోసుకుపోయింది. వాళ్లు నేల్త్యాను పిలిపించారు. బొమ్మలో ఉన్నది ఆమేనని తేలితే ఇక రొట్టె లేదు, చలికాలం ఇంకా సగం ఉంది.

"ఆ జారిన పొట్ట, ఆ మోకాళ్లు చూడండయ్యా. చేతి మీద మచ్చ కూడా వదల్లేదు మహానుభావుడు. ఈవిడ కాక ఇంకెవరు?" అంది లైస్బెత్.

పెద్దాయన ఫోల్కెర్ట్ కళ్లద్దాలు సర్దుకుని, బొమ్మను అవసరానికి మించి కాసేపు చూశాడు. "ఏదీ, చేతులు చూపించమ్మా."

నేల్త్యా రెండు చేతుల బట్టా పైకి లాగింది.

"నీ మచ్చ ఎడమ చేతికుంది. బొమ్మలో కుడిచేతికుందే."

"అంత దీక్షగా మీరు చూస్తారనుకోలేదు లెండి," అని గొణిగింది లైస్బెత్.

రేకు మీది గీత కాగితానికెక్కితే ఎడమ కుడి అవుతుందని అచ్చు పనివాళ్లకు తెలుసు. ఈ బల్ల చుట్టూ ఉన్న పెద్దలకు తెలియదు, నేల్త్యాకూ తెలియదు. ఆమెకు మాత్రం బొమ్మలో తేడా ఏమీ కనబడలేదు. అద్దంలో తన మచ్చ ఎప్పుడూ ఆ పక్కనే ఉండేది. అద్దం అమ్మేశాక తనను తాను చూసుకోవడం ఇదే మొదలు. ఇంత ముసలిదాన్నయిపోయానా అనుకుంది. చాన్నాళ్లకు గుండెల్లో ఏదో కదిలింది, నొప్పిగా.

"దేవుడి ముందు చెప్పు. ఇది నువ్వేనా?"

"కాదయ్యా. నేను కాదు."

ఆ కదిలినది మళ్లీ గడ్డకట్టింది. "ఈ వారం రొట్టె పట్టుకెళ్లు," అని పెద్దాయన ఆ కాగితం నలిపి పొయ్యిలో పడేశాడు. అది భగ్గుమంది. గది చల్లగా ఉంది. నేల్త్యా చేతులు రెండూ ఆ మంట వైపు చాపి కాచుకుంది.