శాంపిల్ ముక్క మీద చిన్నరసాలు

నూజివీడులో నాకు వరిగడ్డి బోర్డుల షాపుంది. కోతలయ్యాక పొలాల్లో తగలబెట్టేసే గడ్డినే పొడి చేసి, జిగురు కలిపి, ప్రెస్‌లో నొక్కి చేసిన బోర్డులు. "గడ్డి" అన్న మాట వినగానే కస్టమరు చెప్పులు వెతుక్కుంటాడు. అందుకే ఓ శాంపిల్ ముక్క చేతిలో పెట్టి, "నీళ్లలో నానబెట్టి చూసి రండి" అని పంపిస్తుంటాను.

వంటింట్లో కప్‌బోర్డులు చేయించాలని విస్సన్నపేట మామిడి వ్యాపారి సుబ్బారావుగారు పది రోజుల క్రితం అలాగే ఓ ముక్క పట్టుకెళ్లారు. ఈ రోజు నవ్వుకుంటూ వచ్చారు.

"భలే గట్టిదండీ! దాని మీద గడ్డి పరిచి చిన్నరసాలు మాగబెట్టాను. పగిలిన కాయల రసం కారినా పిసరంతైనా ఉబ్బలేదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే కొలతలకి రేపు రమ్మంటారా?" అన్నాను.

"అబ్బే, వంటింటికి గడ్డేంటండీ, చెద పట్టదూ! తోటలో ముసలి మామిడి చెట్లు నాలుగు కొట్టిస్తున్నాను, ఆ చెక్కతో చేయిస్తా. ఇలాంటి ముక్కలు ఇంకో నాలుగుంటే ఇప్పించండి, కాయలింకా ఉన్నాయి."

మామిడి చెక్కకి ఎంత తొందరగా పురుగు పడుతుందో ఈ ఊళ్లో చంటిపిల్లాడికి కూడా తెలుసు. అదే అన్నాను.

"మా తోట చెక్కండీ!" అన్నారాయన.

నాలుగు ముక్కలూ ఇచ్చాను. మీరైతే ఏం చేసేవారో కాస్త చెప్పండి.

వెళ్తూ వెళ్తూ నా టేబుల్ మీద రెండు రసాలు పెట్టారు. నా బోర్డు మీద పండినవే. తిన్నాను. తియ్యగా ఉన్నాయి, అందుకే ఇంకా ఒళ్లు మండుతోంది.